చెమట పట్టిన పెద్దకుండ

ఆ రోజు పొద్దున ఇంద్రాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి పెద్దకుండను తుడవాలి, పసుపు కుంకుమ పెట్టాలి, పూలదండ వేయాలి, పదిన్నరకు దాన్ని చలివేంద్రం పందిట్లో బల్లమీద పెట్టి, మైకు ముందు నిలబడి సంఘం చరిత్ర చదవాలి. బుక్కరాయసముద్రంలో పదిహేనేళ్లుగా జాకెట్లు కుడుతున్న మనిషి, ఆమె కొలత తీసుకుందంటే తప్పదు. ఈ పథకంలో ఆమె కొలవడం మరిచిపోయింది ఒక్క మొగుడినే.

పెద్దకుండంటే ఆషామాషీ కుండ కాదు. ఇరవై ఐదేళ్ల కింద ఒక ఎండాకాలం తాడిపత్రి రోడ్డు బస్టాపులో ఒక కూలిమనిషి కళ్లు తిరిగి పడిపోయింది. గుక్కెడు నీళ్లకోసం నాలుగిళ్లు తిరగాల్సి వచ్చిందని, అక్కడే ఉన్న బయమ్మకు ఒళ్లు మండింది. మర్నాడే ఒక కుండ తెచ్చి బస్టాపులో పెట్టి, దాని పక్కన తనూ కూర్చుంది. ఆ కోపంలోంచి పుట్టిందే చలువ మహిళా సేవా సంఘం. తర్వాత ఆ సంఘం రక్తదానాలు చేయించింది. ఇళ్లలోకి వాననీళ్లు వచ్చిన ఏడాది మూడు వందల మందికి వారం రోజులు వండిపెట్టింది. కరోనాలో అందరూ తలుపులు బిగించుకుంటే, ఈ ఆడవాళ్లు ఇంటింటికీ మందులు మోశారు. ఇన్ని పనుల మధ్య కూడా చలివేంద్రం ఒక్క ఎండాకాలం ఆగలేదు. దానికి బయమ్మ పెట్టిన నియమం ఒకటే: బస్సొస్తే ఏ పనైనా ఆపి ముందు నీళ్లివ్వాలి.

నీళ్లిచ్చే కుండలు ఏటా కొత్తవి వస్తాయి, పోతాయి. ఆ మొదటి కుండ మాత్రం సంఘం గదిలో అరమీద ఉంటుంది. చలివేంద్రం తెరిచే రోజు దాన్ని కిందికి దించి నీళ్లు పోస్తారు, మొదటి గ్లాసు బయమ్మ తాగుతుంది. దాని బాధ్యత కార్యదర్శిది. ఇంద్రాణి కార్యదర్శి అయ్యి రెండు నెలలు కూడా కాలేదు.

ఈ ఏడు ఇంకో సంగతి కూడా ఉంది. రోడ్డు వెడల్పు చేయడంలో చలివేంద్రం జాగా పోతోంది. బస్టాపు పక్కనే వేరే జాగా ఇవ్వాలా వద్దా అని చూడటానికి జిల్లా నుంచి ఒక ఆఫీసరమ్మ వస్తోంది. అర్జీ రాసింది ఇంద్రాణే. "ఇరవై ఐదేళ్లుగా చెక్కుచెదరని మా మొదటి కుండే మా సేవకు సాక్షి" అని రాసి, వాక్యం బాగా కుదిరిందని తనకు తనే మూడుసార్లు చదివి వినిపించుకుంది.

అసలు తప్పంతా ఆమె జాగ్రత్తది. ముందురోజు కుండను ఇంటికి తెచ్చి, ఎక్కడ దెబ్బ తగులుతుందోనని నాలుగు పాత చీరల్లో చుట్టి, ముడివేసి, వసారాలో మూలన పెట్టింది. పొద్దున్నే లేచిన నారాయణకు ఆ మూట కనిపించింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో తన తువ్వాలు తాను ఉతుక్కోని మహానుభావుడికి ఆ రోజే భార్యమీద జాలి పుట్టాలా? పాపం, ఆమెకు పెద్ద రోజు, చేతనైన సాయం చేద్దామనుకున్నాడు. మూట ఎత్తి, ఉతికే బండమీద బలంగా వేశాడు.

"ఏందిమే, మాసిన బట్టలు ఇంత గట్టిగుండాయి?" అని అడిగాడు.

ఇంద్రాణి పరుగెత్తుకొచ్చి ముడి విప్పింది. లోపల పెద్దకుండ పదిహేడు ముక్కలై ఉంది. ఆమె మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి నారాయణకు నిజంగా భయం వేసి, కాఫీ తాగకుండానే పొలానికి పోయాడు. ఆమె బండమీదే కూలబడి ఏడ్చింది. పన్నెండేళ్లు సంఘంలో గ్లాసులు కడిగి, బిందెలు మోసి, కార్యదర్శి అయిన రెండు నెలల్లోనే సంఘానికి సాక్షి లేకుండా చేసింది. జాగా పోతే పోయింది, బయమ్మ మొహం ఎట్లా చూడటం?

ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె ఆగేలా ఉంది. సువార్తకు ఫోన్ చేసింది. సువార్త నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఒకప్పటి కార్యదర్శి. ఇల్లు కూలిందన్నా ముందు నాడి చూసే రకం. ఎట్లా పగిలింది, ఎవరు పగలగొట్టారు అని ఆమె అడగనే లేదు.

"ఏడిస్తే కుండ అతకదు, చెప్పేది ఇను. ఈ ఏటి కొత్త కుండలు మీ ఇంట్లో మూడుండాయి గదా. ఒకదానికి సున్నం నీళ్లు చారలు చారలుగా పుయ్యి, ఉప్పునీళ్లకు తెల్లబారినట్ల కనపడతాది. మెడకాడ పొగ పట్టియ్యి. అంచుకు ఎడమపక్క గోరంత పెచ్చు లేపు. ఇనుప మొలతో లేపల్ల, రాయితో కొడితే పగుల్తాది."

"గుండ్రంగుండే కుండకు ఎడమపక్క యాడుంటాది అక్కా?"

"బొట్టు పెట్టేది ముందు అనుకో. ఎవురికీ చెప్పొద్దు."

ఇంత వివరంగా సువార్తకు ఎట్లా తెలుసో ఇంద్రాణికి అప్పుడు తట్టలేదు. మొల వెతకడంలో పడిపోయింది.

ఎవరికీ చెప్పొద్దన్న సువార్తే, తన తర్వాత కార్యదర్శిగా చేసిన చౌడేశ్వరికి పది నిమిషాల్లో చెప్పింది. ఇంద్రాణికి చెయ్యి వణుకుతోంది, పెచ్చు సరిగ్గా లేపుతుందో లేదో, ఎందుకైనా మంచిదని నేనూ ఒకటి తయారుచేస్తున్నాను అంది. చౌడేశ్వరికి సువార్త కళ్లమీద నమ్మకం లేదు, శుక్లాల ఆపరేషన్ అయ్యి నెల కాలేదు. కాబట్టి తన వంతుగా ఒకటి మొదలుపెట్టి, ఆ మాట చిన్నక్క చెవిన వేసింది. చిన్నక్క మొన్నటిదాకా కార్యదర్శి, శనక్కాయ చేన్లలో కూలికిపోయే మనిషి, మాటలు తక్కువ. ఆమె ఎవరికీ చెప్పలేదు, నేరుగా సున్నం కలిపింది. అందరూ ఎవరికి వారే సంఘం పరువు కాపాడుతున్నామనుకున్నారు. ఖాళీ కుండతో ఎదురు రాకూడదు కదా అని, నలుగురూ తమ కుండల్లో ఎనిమిదింటికే అంచుదాకా నీళ్లు పోశారు.

ఇంద్రాణి కుండ ముస్తాబై ఆటో ఎక్కేసరికి పదింబావు. ఒళ్లో పెట్టుకుని చూసుకుంటే ఎంత ముద్దుగా ఉందో. పాత చారలు, పొగ మరక, గోరంత పెచ్చు, అన్నీ కుదిరాయి. అర్జీలో రాసిన వాక్యం మళ్లీ ధైర్యంగా గుర్తు చేసుకుంది. కానీ ఆటో దిగేసరికి చీర కుచ్చిళ్లు తడిగా తగిలాయి. చూస్తే తెల్లటి మరక.

కొత్త కుండ కదా, చెమట పట్టింది. ఏటా వందల కుండల నీళ్లు పోసే ఆడవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. కుండ పాతబడేకొద్దీ ఉప్పు పట్టి చెమ్మ ఊరడం మానేస్తుంది, నీళ్లు చల్లబడవు. అందుకేగా ఏటా కొత్తవి కొనేది. ఆ కంగారులో నలుగురిలో ఒక్కరికీ అది గుర్తు రాలేదు. తుడుద్దామంటే టైము లేదు, ఆఫీసరమ్మ పది నిమిషాలు ముందే వచ్చి కూర్చుంది. పక్కనే బయమ్మ, డెబ్బై రెండేళ్ల మనిషి, ఇస్త్రీ మడత నలగని నేత చీరలో.

"పెద్దకుండ తెండమ్మా," అంది బయమ్మ మైకులో. డప్పులు మోగాయి. జనం లేచి నిలబడ్డారు.

పందిరికి నాలుగు పక్కలా దారి ఉంది. రోడ్డు వైపు నుంచి ఇంద్రాణి, టీ అంగడి వైపు నుంచి సువార్త, వేపచెట్టు వైపు నుంచి చౌడేశ్వరి, వెనక నుంచి చిన్నక్క. నలుగురి చంకల్లో నాలుగు పెద్దకుండలు, నాలుగింటికీ పసుపు కుంకుమ, నాలుగింటికీ దండ. సగం దూరం వచ్చాక ఒకరినొకరు చూసుకున్నారు. డప్పులు ఆగలేదు కాబట్టి కాళ్లూ ఆగలేదు. చివరికి నాలుగు కుండలూ బల్లమీద వరుసగా కూర్చున్నాయి. నాలుగింటికీ ఎడమపక్క గోరంత పెచ్చు. నాలుగింటి నుంచీ సున్నం తెల్లటి ధారలుగా బల్లగుడ్డమీదికి కారుతోంది.

ఆఫీసరమ్మ అర్జీ తీసి చదువుకుంది. కుండల వైపు చూసింది. కారుతున్న చుక్కను వేలితో తాకి చూసుకుంది.

"ఇందులో మొదటి కుండ ఏదమ్మా?"

వెనక నుంచి సువార్త, తనది చూపించమని గొణిగింది. తనదే మేలని చౌడేశ్వరి గిల్లింది. ఇంద్రాణి ఒక వేలు చూపిస్తే చాలు, జాగా వస్తుంది. కానీ ఆ వేలు చూపించాక జీవితాంతం ఏటా మొదటి గ్లాసు బయమ్మ చేతికి ఇవ్వాల్సింది తనే. ఆమె మైకు పట్టుకుంది.

"ఏదీ కాదు మేడమ్. మొదటిది పొద్దున మా ఇంట్లో పగిలిపాయ. ఇది నేను సున్నం పూసి తెచ్చిన కొత్త కుండ. తప్పు నాది. సంగానిది కాదు."

అప్పుడు సువార్త గొంతు సవరించుకుంది.

"నువ్వు పగలగొట్టింది మొదటిది కాదులే పాపా. మొదటిది నా చేతిలో పాయ. నేను కార్యదర్శిగా ఉండినప్పుడు. సున్నం పూసి అరమీద పెట్టినా."

"అంటే నేను పగలగొట్టింది నీదా?" అంది చౌడేశ్వరి తెల్లబోయి. ఆమె పద్నాలుగేళ్లుగా ఆ సంగతి కడుపులో దాచుకుని, కనపడిన దేవుడికల్లా టెంకాయ కొడుతోంది. చిన్నక్క తనదీ అంతేనన్నట్టు మూడు వేళ్లు చూపించింది. మూడోది ఆమె పద్దు. నారాయణ బండకేసి కొట్టింది నాలుగోదన్నమాట అని ఇంద్రాణి లెక్క వేసుకుంటుండగా బయమ్మ లేచి నిలబడింది.

"లెక్క బాగానే ఉండాది గానీ, మొదట్లో ఇంకొకటి కలపల్ల," అంది. "మొదటి కుండ మూడోనాడే పాయ. పగలగొట్టింది నేనే. ముందురోజు టీ అంగడి కాడ ఎవురో అనినారు, ఆడోళ్ల సంగం మూడునాళ్లు గూడా నిలబడదని. ఆ మాట నిజం కాకూడదని తెల్లారేలోపల ఇంకోటి తెచ్చి, అంచుకు పెచ్చు లేపి పెట్టినా. సువార్త పగలగొట్టింది దాన్ని."

"మరి మావన్నీ నీకు తెలుసా పెద్దక్కా?" అని అడిగింది ఇంద్రాణి.

"ఏటా మొదటి గ్లాసు తాగేది నేను. ఇరవై ఏండ్ల కుండలో నీళ్లు అంత చల్లగుంటాయా? ఉండుండి ఒగో ఏడు కొత్త మట్టి వాసన వస్తాండ్య. ఆ ఏడు కార్యదర్శి నా మొగం చూడకుండా గ్లాసు ఇస్తాండ్య."

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగితే నాది గూడా చెప్పాల గదా."

ఆఫీసరమ్మ నవ్విందో లేదో ఎవరూ చూడలేదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే తాడిపత్రి బస్సు వచ్చి ఆగింది. మైకు అక్కడే వదిలేసి, కన్నీళ్లూ సిగ్గూ అక్కడే వదిలేసి, సంఘమంతా ఒక్కసారిగా కదిలింది. చిన్నక్క దండలు తీసి పక్కన పడేసింది. నాలుగు పెద్దకుండలూ మూతలు తెరుచుకున్నాయి. సువార్త కిటికీల్లోంచి చేతులు చాచిన ముసలివాళ్లకు గ్లాసులు అందించింది, చౌడేశ్వరి దిగినవాళ్లకు ఇచ్చింది, ఇంద్రాణి ఖాళీ సీసాలు నింపింది. నాలుగు నిమిషాల్లో యాభై అరవై మంది తాగారు. ఒక్క చుక్క ఒలకలేదు. ఇన్నేళ్లుగా పక్కపక్కన నిలబడి చేసిన పని, ఎవరి చెయ్యి ఎక్కడుంటుందో ఎవరూ చూసుకోవాల్సిన అవసరం లేదు. వాళ్లను చూస్తూ నిలబడిన బయమ్మ మొహం వెలిగిపోతోంది.

"ఇట్లా ఎన్నేళ్లుగా ఇస్తున్నారు?" అని ఆఫీసరమ్మ అడిగింది బయమ్మను కాదు, బస్సు కండక్టరును.

"నేను ఈ రూటుకొచ్చి పంతొమ్మిదేండ్లాయ మేడమ్. ఎండాకాలం నేను బాటిల్ తెచ్చుకునేది లేదు," అన్నాడతను, ఈల వేసి బస్సు ఎక్కేస్తూ.

బస్సు కదిలాక ఆఫీసరమ్మ తనకూ ఒక గ్లాసు అడిగింది. ఇంద్రాణి తన కుండలోంచే ముంచి ఇచ్చింది, ఈసారి మొహం తిప్పుకోకుండా. ఆమె గ్లాసంతా తాగి, మర్నాడు కొలతలకు మనుషుల్ని పంపిస్తానంది. అర్జీలో ఒక్క వాక్యం మాత్రం మార్చి రాసివ్వమంది.

ఇంద్రాణికి ఇంత గర్వం తన మొదటి జాకెట్టు కుట్టినప్పుడు కూడా కలగలేదు. అక్కడే బల్లమీద, సున్నం మరకల మధ్య కూర్చుని, పాత వాక్యం కొట్టేసి కొత్తది రాసింది: "మా మొదటి కుండల్లో ఆరవది ప్రస్తుతం క్షేమంగా ఉంది."