ఎనిమిది భాషల చెక్కు

"కొండల్లో చెదలు తింటున్న పాత నోట్లకు విముక్తి కలిగించేవరకూ నిద్రపోను!" అని మంత్రి జగన్నాథరావుగారు హుకుంపేట సభలో ప్రకటించారు. కార్లో ఒక కునుకు తీసే వచ్చారు కాబట్టి మాట మీద నిలబడగలరని విలేకరిగా నాకు నమ్మకం కుదిరింది.

ఆ రోజు విముక్తి పొందాల్సిన నోటు సంతోషమ్మది. 1917 నాటి ఒక రూపాయి. ముందువైపు వెండి రూపాయి బొమ్మ, అందులో జార్జి రాజు. వెనకవైపు ఎనిమిది భాషల్లో దాని విలువ. ఘాట్ రోడ్డుకు రాళ్లు కొట్టినందుకు ఆమె తాత తోమాకి ఇచ్చారు. సంతలో వెండి ఇస్తేనే ఉప్పన్నారు, కాగితం ఎవరూ ముట్టలేదు. అలా అది బైబిల్లో మిగిలిపోయింది. విశాఖ నుంచి వచ్చిన సేకర్తలు డెబ్బై వేలిస్తామన్నా ఆమె ఇవ్వలేదు. మంత్రిగారు ఐదు లక్షలన్నారు. మనవరాలు జీవిత నర్సింగ్ ఫీజుకి శుక్రవారమే గడువు.

మంత్రిగారు భూతద్దం పెట్టి చూశారు. "ఆహా, గడ్డంలో వెంట్రుక వెంట్రుకా చెక్కారయ్యా! మన బొమ్మలకి ఈ పనితనం ఎందుకు రాదు?"

"తమరికి గడ్డం లేదు సార్" అన్నారు పీఏ లక్ష్మీప్రసాద్.

నోటు మంత్రిగారి జేబులోకి వెళ్లింది. ఐదడుగుల అట్ట చెక్కు బయటికొచ్చింది. అచ్చం ఆ నోటు నమూనాయే. రాజుగారి చోట మంత్రిగారు, వెనక ఎనిమిది భాషల్లో ఐదు లక్షలు. ఒక కొస సంతోషమ్మ పట్టుకుంది. ఫొటో కోసం రెండో కొస నేను పట్టుకున్నాను. నా గుండె ఉప్పొంగింది.

మర్నాడు ఆమె దాన్ని ఆటో టాపు మీద కట్టించుకుని బ్యాంకుకి తెచ్చింది. మేనేజరు ధర్మతేజ మర్యాదస్తుడు, లేచి నిలబడి చూశాడు.

"ఇది ఫొటో కోసమమ్మా."

"ఏటి బాబూ! ఎనిమిది బాసల్లో రాసినారు గదా?"

"ఖాతా నంబరు ఒక్క భాషలోనూ లేదమ్మా."

శుక్రవారం పొద్దున్నే పీఏగారి జీపు ఆమె గుమ్మం ముందు ఆగింది. నేనూ అందులోనే ఉన్నాను. ఫీజు కాగితం పట్టుకుని జీవిత పరుగున వచ్చింది.

"అసలు సెక్కు తెచ్చినారా బాబూ?" అంది సంతోషమ్మ.

"లేదమ్మా, ఈ అట్ట చెక్కు పట్టుకెళ్దామని వచ్చాం. సాయంత్రం ముంచింగిపుట్టులో ఇంకో నోటు విముక్తి ఉంది."

కొత్త పేరు అతికించడానికి చెక్కు మీద ఆమె పేరున్న స్టిక్కరు పీఏగారు అక్కడే పీకారు. కింద అనంతగిరి టైటస్ పేరుంది. అదీ పీకితే, కింద గాసి పేరు.

"ఈలకి డబ్బులందినాయా?"

"వాళ్లు చెక్కు తిరిగిచ్చేశారు కాబట్టే కదమ్మా, మీదాకా వచ్చింది!"

సంతోషమ్మ మనవరాలి చేతిలోని కాగితం కేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది.

"మా తాత నోటు సంతలో సెల్లలేదు గానీ బాబూ, ఎనక్కిమ్మని ఎవులూ రాలేదు."

పీఏగారు ఒక కొస ఎత్తి నన్ను పిలిచారు. ఎటు చూడాలో తెలియక నేను రెండో కొస పట్టుకున్నాను.