అనుమతి లేని ఐసు

మా జిల్లా ఆకాశంలో కొన్ని లక్షల ఏళ్ళుగా అనుమతి లేకుండా కరెంటు తయారవుతోందని విద్యుత్ కార్యాలయం మొన్న సోమవారం కనిపెట్టింది.

కనిపెట్టడానికి కారణం కరెంటు పోవడమే. కార్యాలయంలో హాజరు యంత్రం కరెంటుతో నడుస్తుంది. వచ్చేటప్పుడు వేలు పెట్టాలి, పోయేటప్పుడు వేలు పెట్టాలి. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది కాబట్టి, నిబంధన ప్రకారం ఎవరూ ఇంటికి పోవడానికి వీల్లేకపోయింది. పొద్దుగూకేసరికి ఉక్క భరించలేక సహాయ కమిషనర్ ఎవుదోమార్ ఫినోల్ కిటికీ తెరిచారు. (ఇరవై ఏళ్ళలో ఇదే మొదటిసారి. కిటికీ తెరవడానికి అనుమతి పత్రం మర్నాడు తెప్పించుకున్నారు.)

మరకైబో సరస్సు మీద, కటటుంబో నది వచ్చి కలిసే మూల, మెరుపులు నిమిషానికి ఇరవై చొప్పున కొడుతున్నాయి. మాకది పుట్టిన దగ్గర్నుంచీ తెలిసిన సంగతే. పడవలవాళ్ళు ఆ వెలుగులోనే వలలు విప్పుతారు. ఆడవాళ్ళు ఆ వెలుగులోనే చేప ముళ్ళు ఏరుతారు. ఫినోల్ గారు మాత్రం చాలాసేపు చూసి, లెక్క రాసుకుని, ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"ఇది ఎవరి లైను?"



మంగళవారం ఉదయం వాతావరణ శాఖకు లేఖ వెళ్ళింది. సాయంత్రానికి జవాబు వచ్చింది, ఒకే ఒక్క పేజీ. మేఘంలో పై అంతస్తుల్లో ఐసు ఉంటుంది. మెత్తటి వడగళ్ళు బరువుగా కిందికి దిగుతుంటాయి. సన్నటి ఐసు పలుకులు గాలితోపాటు పైకి ఎగురుతుంటాయి. చుట్టూ నీటిబొట్లు, గడ్డకట్టాల్సిన చలిలో కూడా గడ్డకట్టకుండా తిరుగుతుంటాయి. (ఆఫీసుకు వచ్చి పని మొదలుపెట్టని వాళ్ళను చూసినవారికి ఇది వివరించనక్కర్లేదు.) ఆ గుంపులో పలుకులూ వడగళ్ళూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. రాసుకున్న ప్రతిసారీ పలుకు ప్లస్సు పట్టుకుని పైకి పోతుంది, వడగల్లు మైనస్సుతో కింద మిగులుతుంది. ఏ శాఖలోనైనా జరిగేది ఇదే. పైకీ కిందికీ మధ్య తేడా భరించలేనంత పెరిగినప్పుడు మెరుపు కొడుతుంది.

ఫినోల్ గారు ఆ పేజీలో ఒక్క మాట కింద ఎర్రగీత గీశారు. ఐసు.

తర్వాత లైసెన్సుల పుస్తకం తెరిచారు. జిల్లాలో ఐసు లైసెన్సు ఒకే ఒక్కడికి ఉంది. పాలో సెకో గ్రామం, నెరియో బోస్కాన్. పేరు పక్కన ఇలా రాసి ఉంది: 'జిల్లా పరిధిలోని సమస్త ఐసుకూ ఏకైక బాధ్యుడు.'

ఆ వాక్యం నెరియో స్వయంగా రాయించుకున్నదే. పదేళ్ళ కిందట పక్క ఊరివాడెవడో ఐసు ఫ్యాక్టరీ పెడతాడని భయం వేసి, రెండు బుట్టల చేపలు పట్టుకెళ్ళి, 'సమస్త' అనే మాట చేర్పించాడు. పరిధి ఎంత ఎత్తు వరకో రాయించుకోవడం మరిచిపోయాడు.

బుధవారం కార్యాలయం నుంచి ఒకాయన పడవలో వచ్చి, సరస్సులో గుంజల మీద నిలబడ్డ నెరియో ఐసు ఫ్యాక్టరీకి కరెంటు తీగ కత్తిరించి, తీగ అందినట్టు నెరియో చేతనే సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. కత్తిరించేటప్పుడు తీగలో కరెంటు లేదు. రోజుకు మూడు గంటలు వచ్చే కరెంటు ఆ పడవ మలుపు తిరగ్గానే ఊరంతటికీ వచ్చింది, నెరియోకు తప్ప.

సరిగ్గా అప్పుడే, అదే ఊళ్ళో ఆడవాళ్ళ చేత పీతలు ఒలిపించే ఎర్మెలిందా షెడ్డులో పన్నెండు వందల కిలోల నీలి పీతలు ఐసులో పడుకుని ఉన్నాయి. నలభైమంది ఆడవాళ్ళ నెల కష్టం అది. ఉన్న ఐసు గురువారం మధ్యాహ్నం దాకా ఆగుతుంది. ఆ తర్వాత వాసన మొదలవుతుంది.

గురువారం పదింటికి కార్యాలయంలో విచారణ, ఆకాశంలో అనుమతి లేకుండా కరెంటు తయారుచేసినందుకు. నెరియో వెంట ఎర్మెలిందా కూడా వచ్చింది. చేతిలో మూత పెట్టిన బక్కెట్టు, అందులో ఐసు అందని పీతలు.

"డాక్టరుగారూ," అన్నాడు నెరియో. (మా దగ్గర బల్లకు అవతల కూర్చున్న వాళ్ళందరూ డాక్టర్లే.) "నా ఐసు దిమ్మ పాతిక కిలోలు ఉంటుంది. దాన్ని పది కిలోమీటర్ల ఎత్తుకు ఎవడు మోశాడంటారు?"

"మేమూ అదే అడుగుతున్నాం," అన్నారు ఫినోల్. "సహకరించినవాళ్ళ పేర్లు తొమ్మిదో గడిలో రాయండి."

"అది దేవుడు చేసిన ఐసండీ."

"దేవుడికి లైసెన్సు లేదు. పుస్తకం చూశాను."

"నా ఐసు చేపల మీద వేసుకునేది. అది షాకు కొట్టదు. కావాలంటే పట్టుకు చూడండి."

"రాసుకుంటే కొడుతుందని నివేదికలో ఉంది. మీ ఫ్యాక్టరీలో ఐసు ముక్కలు ఒకదానికొకటి తగలకుండా ఏం జాగ్రత్తలు తీసుకుంటున్నారు?"

నెరియో ఎర్మెలిందా వైపు చూశాడు. ఆమె బక్కెట్టు బల్లమీద పెట్టి మూత తీసింది.

"వాణ్ణి తర్వాత అడుగుదువు గాని నాయనా, ముందు ఇది వాసన చూడు."

"సాక్ష్యాధారాలు సోమవారాల్లోనే తీసుకుంటామమ్మా."

"సోమవారానికి దీన్ని తీసుకురావక్కర్లేదు. అదే నడిచొస్తుంది."

ఫినోల్ గారు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. పీతలంటే ఆయనకూ ఇష్టమే. అందుకే నిబంధనల పుస్తకం మూసి, గొంతు తగ్గించారు.

"చూడండి. విచారణ నడుస్తున్నంత కాలం కనెక్షను ఇవ్వడానికి లేదు. విచారణ ఆరేళ్ళు నడుస్తుంది. మీరు నిర్దోషి అని తేలితే, ఆ తీర్పు మీద మేమే అప్పీలు వేస్తాం. అది ఇంకో ఆరేళ్ళు."

"మరి దోషినని తేలితే?"

"కనెక్షను ఈరోజే ఇస్తాం."

నెరియో ఇంకోసారి చెప్పమన్నాడు.

"శిక్ష ఏమిటంటే శాశ్వతంగా కనెక్షను తొలగించడం," వివరించారు ఫినోల్. "తొలగించాలంటే ముందు ఉండాలి కదా. అందుకని పునరుద్ధరిస్తాం. తొలగించమనే ఉత్తర్వు రాజధాని నుంచి రావాలి. ఇంతవరకూ ఒక్కటీ రాలేదు."

"అంటే నేరం చేసినవాడికి కరెంటు, చెయ్యనివాడికి చీకటి."

"ఆ మాట నేను అనలేదు. పద్ధతి అంతే."

"నా మీద ముద్ర పడిపోతుంది అక్కా," అన్నాడు నెరియో మెల్లగా. "రేపు ఊళ్ళో పిడుగు పడ్డా నన్నే అంటారు."

"ఇప్పటికీ ఏది జరిగినా నిన్నే అంటున్నాం. సంతకం పెట్టరా నెరియో. పన్నెండయిందంటే నలభై ఇళ్ళలో పొయ్యి వెలగదు."

ఫినోల్ గారు ఫారం ముందుకు తోశారు. నేరం ఎలా చేశారో, ఎందుకు చేశారో నిందితుడు సొంత మాటల్లో రాయాలి. గీసిన గీతలు దాటకూడదు. నెరియో కలం తీసుకున్నాడు.   అతను రాసింది ఫైల్లో ఉంది, ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"ఆ ఐసు నాదే. నా ఫ్యాక్టరీలోనే పుట్టింది. మీరు కరెంటు తీసినప్పుడల్లా కరిగి, నేల పలకల సందుల్లోంచి సరస్సులోకి జారిపోయింది. నాకు తెలుసు, చూస్తూ ఊరుకున్నాను. అక్కణ్ణుంచి ఎండలో ఆవిరై పైకి పోయింది. పోయేటప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఏ కాగితమూ చూపించలేదు. మా తమ్ముడూ అలాగే దేశం దాటి పోయాడు, మా వీధిలో సగం మందీ అలాగే పోయారు. వాళ్ళనే ఆపలేనివాణ్ణి, ఐసును ఏం ఆపుతాను? ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నా ఐసు సోమరిది, మూడు గంటలకు మించి గట్టిగా నిలబడలేదు. పైకి వెళ్ళాక మాత్రం ఒళ్ళు అరిగేలా పని చేసి, తనకు కావలసిన కరెంటు తనే తయారుచేసుకుంటోంది. ఎందుకు చేసిందని మీ ఫారంలో అడిగారు. అక్కడ మీ కార్యాలయం లేదు, అందుకని."