నీలం పూల కప్పు

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకల్లా వెంకటకృష్ణారావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బెజవాడ గుణదలలోని తన ఇంటి వరండాలో వేసిన నాలుగు కుర్చీలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో వంగి చూసుకుంటున్నాడు. ఒక కుర్చీకి కాలు కాస్త పొట్టి. దాని కింద పేపరు మడిచి పెట్టాడు. తన ఇంట్లో ఎవరూ ఎవరికన్నా కింద కూర్చోకూడదని ఆయన పట్టుదల.

కాలవల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైన రావుకు బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, లేనిదల్లా మనుషుల్లో తేడా చూసే గుణం ఒక్కటే. ఈ మాట ఎవరో ఆయన గురించి అన్నది కాదు, ఆయనే అన్నది. పొద్దుటి నడకలో అంటాడు, కూరగాయల బండి దగ్గర అంటాడు. పక్కింటి కొండలయ్యది చేపల వ్యాపారం, నాగాయలంక నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ఆయన దగ్గరైతే రావు నెలకోసారి గోడ మీదుగా తొంగి చూసి, మీ ఇంట్లోంచి ఎంత వాసన వచ్చినా నేనెప్పుడైనా పల్లెత్తు మాటన్నానా అని అడుగుతాడు. కొండలయ్య లేదనే చెబుతాడు. ఇంకేం చెబుతాడు?

ఆ ఆదివారం రావు గుణం రుజువు కావలసిన రోజు. ముప్పై ఏళ్ళు ఆఫీసులో పక్క బల్ల మీద పనిచేసిన బాబ్జాన్, తన అన్నగారి కూతురు జుబియాని వెంటబెట్టుకుని హనుమాన్ జంక్షన్ నుంచి వస్తున్నాడు. రావు మేడ మీది వాటా ఖాళీగా ఉంది. జుబియాకి ఊళ్ళో ఒక ఆసుపత్రి ల్యాబులో కొత్తగా ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే ఆరింటికి డ్యూటీలో ఉండాలి. హనుమాన్ జంక్షన్లో బస్సు పట్టుకుని వచ్చేసరికి ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది, మూడోసారైతే ఇంక రానక్కర్లేదన్నారు. ఆ పిల్ల పదకొండు ఇళ్ళు చూసింది. పదకొండు చోట్లా టులెట్ బోర్డు కిందే నిలబెట్టి పేరడిగారు. పేరు వినగానే, మేడ మీదికి అల్లుడుగారు దిగుతున్న సంగతి అందరికీ గుర్తొచ్చింది. ఇది పన్నెండో ఇల్లు.

సాక్షి లేకుండా మంచిపని చెయ్యడం రావుకు అలవాటు లేదు కాబట్టి కొండలయ్యను కూడా కాఫీకి పిలిచాడు.

తొమ్మిదింటికి అందరూ వచ్చారు, కూర్చున్నారు. ఈ ఇంట్లో కులమూ మతమూ చెప్పులతో పాటు గేటు దగ్గరే ఆగిపోతాయని రావు చెప్పాడు. బాబ్జాన్ తలూపాడు. ఈ సంగతి ఆయన ముప్పై ఏళ్ళుగా వింటున్నదే. జుబియా మాత్రం ఒళ్ళో బ్యాగు పట్టుకుని, అల్లుడి ప్రస్తావన ఎప్పుడొస్తుందా అన్నట్టు కూర్చుంది.

రావు భార్య సంపూర్ణమ్మ కాఫీ తెచ్చింది. ట్రేలో రావుగారి వెండి గ్లాసు ఉంది, సంపూర్ణమ్మ పుట్టింటివాళ్ళు చుక్కలతో పేరు కొట్టించి ఇచ్చిన స్టీలు గ్లాసులు రెండున్నాయి, చివర నీలం పూల పింగాణీ కప్పొకటి ఉంది. కప్పు బాబ్జాన్ ముందు పెట్టి ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి, అది రావుకు తెలియకూడదు. బాబ్జాన్‌కు షుగరు మూడు వందలు దాటి పదిరోజులైంది. ముందురోజు సాయంత్రం ఆయన భార్య ఖాసింబీ ఫోన్ చేసి, కాఫీలో పంచదార వెయ్యొద్దనీ, రావుగారికి మాత్రం చెప్పొద్దనీ సంపూర్ణమ్మను బతిమాలుకుంది. చెబితే ఆయన రోజూ ఫోన్ చేసి కాకరకాయ రసం గురించి గంటసేపు చెబుతాడు. అందుకని సంపూర్ణమ్మ, పొరపాటున మారిపోకుండా, పంచదార లేని కాఫీని పూల కప్పులో పోసింది. సంగతి ఇంతే.

రావుకు మాత్రం కప్పు చూడగానే గుండె గుభేలుమంది. అందరికీ గ్లాసులు, బాబ్జాన్‌కు కప్పు. శుక్రవారం శుక్రవారం కొండెక్కి అమ్మవారిని చూసి వచ్చే భార్య, తన బీరువాలోని పుస్తకాల్లో ఒక్క పేజీ తిప్పని మనిషి, ఇంతకంటే ఏం చేస్తుంది? నలుగురికీ తెలియకుండా సర్దేద్దామని ఆయన పెద్ద గొంతుతో మొదలుపెట్టాడు.

"బాబ్జాన్, ఆ కప్పు నువ్వు తాగొద్దయ్యా. మా ఇంట్లో అలాంటి తేడాల్లేవు."

కప్పు లాక్కున్నాడు. లాక్కున్నాక బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి. ఆయన చెయ్యి వెండి గ్లాసు దాకా వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, పక్కకు తిరిగింది. కొండలయ్య నోటి దాకా వెళ్ళిన స్టీలు గ్లాసు అందుకుని బాబ్జాన్ చేతిలో పెట్టాడు. నీలం పూల కప్పు కొండలయ్య ముందుకొచ్చింది. కొండలయ్య ఆ కప్పునీ, రావునీ, వెండి గ్లాసునీ వరసగా చూశాడు.

జుబియాకు అర్థమైపోయింది. పన్నెండో ఇల్లు కూడా అంతే, కాకపోతే ఇక్కడ కాఫీ ఇచ్చి మరీ చెబుతున్నారు. బ్యాగు జిప్పు వేసింది.

కొండలయ్య తీపి బాగా తాగే మనిషి. ఆ గ్లాసులో మూడు చెంచాల పంచదార ఉంది. బాబ్జాన్ ఒక గుటక వేసి కళ్ళు మూసుకున్నాడు. వద్దంటే షుగరు సంగతి బయటపడుతుంది, దాని వెనకాలే కాకరకాయ వస్తుంది, ఆ గొడవలో పిల్లకి ఇల్లు తప్పిపోయినా తప్పిపోతుంది. మందు తాగినట్టు తాగేశాడు. ఆ మొహం చూసి రావు, అవమానం దిగమింగుతున్నాడనుకుని కరిగిపోయాడు. స్వయంగా వంటింట్లోకి వెళ్ళి ఇంకో గ్లాసు కాఫీ కలిపి, నాలుగు చెంచాలు వేసి తెచ్చాడు. అలమరలో దాచిన బందరు హల్వా డబ్బా కూడా తెచ్చి, నా మీద నిజంగా కోపం లేకపోతే తినమన్నాడు. బాబ్జాన్‌కు కోపం లేదు. నాలుగు ముక్కలు తిన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

అప్పుడు కొండలయ్య కప్పులో కాఫీ ఒక గుక్క చప్పరించి కింద పెట్టాడు.

"రావుగారూ, గ్లాసు తీసుకుని కప్పిచ్చారు, ఊరుకున్నాను. ఇందులో పంచదార కూడా లేదేంటండీ? చేపలమ్ముకునేవోళ్ళకి ఈ మాత్రం చాల్లే అనా?"

రావు కప్పులోకి తొంగి చూశాడు. కప్పు వేరు చేసింది చాలక, పంచదార కూడానా? భార్యను గట్టిగా కేకేశాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ముప్పై ఎనిమిదేళ్ళు నాతో కాపురం చేసి నువ్వు నేర్చుకున్నది ఇదా? ఇంటికొచ్చిన మనిషికి చెంచాడు పంచదార వెయ్యడానికి కూడా నీకు మనసొప్పలేదా?"

జుబియా లేచి నిలబడింది. వెళ్ళిపోవడానికే లేచింది కానీ, పంచదార మాట దగ్గర ఆగిపోయింది. కప్పు వైపు చూసింది, తర్వాత సంపూర్ణమ్మ వైపు.

"ఆంటీ, పంచదార లేని కాఫీ మా చిచ్చా కోసమా?"

"ఇంకెవరికోసమమ్మా? నిన్న మీ పిన్ని ఫోన్ చేసి చెప్పింది, అన్నయ్యగారికి షుగరెక్కువైందని. గుర్తుకోసమని కప్పులో పోశాను."

జుబియా తన చిన్నాన్న చేతిలోని అయిదో హల్వా ముక్క లాగేసుకుంది. బ్యాగులోంచి షుగరు చూసే మిషను తీసి ఆయన వేలు పొడిచింది. మూడు వందల డెబ్బై. బాబ్జాన్ నేరం ఒప్పుకున్న మనిషిలా తల వంచుకుని, కాకరకాయ వద్దు రావుగారూ అన్నాడు.

రావు ఏదో అనబోయాడు. సంపూర్ణమ్మ అననివ్వలేదు. ఆవిడ గొంతు పెంచలేదు కానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కప్పు చూడగానే మీకు ఇంకే కారణమూ తట్టలేదు. నేనే తట్టాను. గుడికెళ్ళేది, పుస్తకం పట్టనిది, ఇలాగే చేస్తుందనుకున్నారు. నన్నొక్క మాట అడిగారా? అయినా ఈ ఇంట్లో ఇంకొకళ్ళ నోరు తగలని గ్లాసు ఒక్కటే ఉందండీ. అది నేను పెట్టింది కాదు."

అందరూ వెండి గ్లాసు వైపు చూశారు. రావు వంగి, చేతికందిన పేపరు లాగి దాని మీద కప్పాడు. అది తను కూర్చున్న కుర్చీ కింద పెట్టిన పేపరు కావడం వల్ల, కుర్చీ ఒక పక్కకు ఒరిగి ఆయన అందరికన్నా కాస్త కిందికి దిగాడు.

"నేనూ మిమ్మల్నలాగే అనుకున్నానాంటీ," అంది జుబియా. "పదకొండు ఇళ్ళు తిరిగాక కప్పు కప్పులాగా కనపడలేదు. తప్పు నాదే."

ఆ మాటకు సంపూర్ణమ్మ మనసు తేలికపడింది. బొడ్లోంచి తాళంచెవి తీసింది. ఎవర్ని చూసీ ముందే ఏమీ అనుకోని మనిషి ఈ ఇంట్లో ఎవరో ఇప్పటికైనా తెలిసింది కదా అని భర్త వైపు ఒక చూపు విసిరింది. జుబియా చెయ్యి చాపింది.

"ఆదివారాలు మా అన్నయ్య తారిక్ వచ్చి వెళ్తుంటాడాంటీ. పర్లేదు కదా?"

"దానికేం భాగ్యమమ్మా. ఏం చేస్తుంటాడు?"

"లాయరండీ."

తాళంచెవి గాల్లోనే ఆగిపోయింది. బెజవాడలో ఇల్లున్నవాళ్ళకు ఆ మాట వింటే గుండె దడ. సంపూర్ణమ్మ మేనత్తగారి మేడ మీద దిగిన లాయరు పద్నాలుగేళ్ళు కదల్లేదని, చివరికి మేనత్తగారే కదలాల్సి వచ్చిందని వాళ్ళ వంశంలో అందరికీ తెలుసు. ఆవిడ నోరు తెరిచింది. అల్లుడుగారు వస్తున్నారనే మాట నాలుక చివరి దాకా వచ్చి ఉంటుంది, కానీ ఆవిడకు కూతుళ్ళు లేరు. పైగా నలుగురూ ఆవిడనే చూస్తున్నారు. ఆ పొద్దున రావు మొదటిసారి నవ్వాడు. సంపూర్ణమ్మ తాళంచెవి జుబియా చేతిలో పెట్టింది, పెట్టాక ఒక క్షణం వదల్లేదు.

మరుసటి ఆదివారం తారిక్ వచ్చాడు. నెమ్మదైన కుర్రాడు, వరండాలో కూర్చుని చెల్లెలి సామాన్ల గురించి మాట్లాడుతున్నాడు. సంపూర్ణమ్మ కాఫీ తెచ్చింది. నీలం పూల కప్పు రావు ముందు పెట్టింది, వెండి గ్లాసు తారిక్ చేతికిచ్చింది. రావు బిత్తరపోయి ఆవిడ వెనకాలే వంటింట్లోకి వెళ్ళి, ఇదేమిటని సైగ చేశాడు.

ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. "లాయరుగారు కదండీ, ఎందుకైనా మంచిదని."