తోడల్లుళ్ళ చేప

ఆ ఉదయానికి కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి పడవెక్కాలి. ఎనిమిదింటికి చేపని పట్టాలి. తొమ్మిదింటికి దానితో ఫొటో దిగాలి. పదింటికల్లా వచ్చి స్నానం చెయ్యాలి. ఈ సంగతి చేపకి తెలియకపోవడం ఒక్కటే అందులో లోటు.

అతనికి కళ్ళజోళ్ళ షాపుంది. ఇరవై ఏళ్ళుగా ఊరందరి చూపూ సరిచేస్తున్న ఆ మనిషి, ఆరేళ్ళుగా ఒకే ఒక్క ఫొటోని చూడలేక చస్తున్నాడు. ఆ ఫొటో తోడల్లుడి ఇంట్లో, హాల్లో, సరిగ్గా సోఫాకి ఎదురుగా ఉంటుంది. అందులో తోడల్లుడు మోకాళ్ళ నుంచి మెడదాకా ఉన్న సముద్రపు చేపని ఎత్తి పట్టుకుని, దాన్ని తనే కన్నట్టు నవ్వుతుంటాడు. ఆయన నోటరీ. పదిమంది కాగితాల మీద ‘ఇది నిజం’ అని ముద్ర కొట్టే మనిషి కావడంతో, చేప గురించి ఆయన ఏం చెప్పినా ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

"చెరువులో పట్టేవాళ్ళూ ఉన్నారు తమ్ముడూ, కాదనను," అనేవాడు నోటరీ, వెళ్ళిన ప్రతిసారీ. "కానీ ఉప్పునీళ్ళ వ్యవహారం వేరు."

కళ్ళజోళ్ళాయన చెరువులో కూడా ఏమీ పట్టలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదంతే.

చివరికి ఈ ఏడాది నాలుగు రోజులు షాపు మూసేసి, ఆ ఫొటో దిగిన రిసార్టులోనే గది తీసుకున్నాడు. చేపల వేట మీద ఒక పుస్తకం కొన్నాడు. రెండు నెలలపాటు డాబా మీద నిలబడి, ఆ చివర పెట్టిన బకెట్లోకి గాలం విసురుతూ సాధన చేశాడు. బకెట్లో ఒక్కసారీ పడలేదు గానీ, పక్కింటావిడ ఆరేసిన దుప్పట్లు మూడు పట్టాడు.

రిసార్టు అంటే, రోడ్డు అయిపోయాక ఇంకో గంట ప్రయాణం. పన్నెండు గదులు, ఒక భోజనాల హాలు, సముద్రంలోకి చొచ్చుకుపోయిన చెక్క జెట్టీ, రెండు పడవలు. ఫోనుకి సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు మెట్లు పైదాకా ఎక్కాలి. ఇక్కడికైతే తోడల్లుడి నీడ కూడా సోకదని అతను సంబరపడ్డాడు. తీరా సామాను దింపుకుని వరండాలోకి వచ్చేసరికి, ఎనిమిది జేబుల చొక్కా వేసుకుని నోటరీ పడక్కుర్చీలో ఉన్నాడు.

"రా తమ్ముడూ! మొదటిసారి కదా, దగ్గరుండి నేర్పిద్దామని నేనూ మీ వదినా వచ్చేశాం!"

"ఎందుకన్నయ్యా మీకు శ్రమ," అన్నాడు కళ్ళజోళ్ళాయన, పళ్ళు కనిపించేలా నవ్వి. గదిలోకి వెళ్ళి తలుపు వేశాక ఆ పళ్ళే కొరికాడు. "మీ అక్కతో చెప్పావా?"

"దాచమని మీరు చెప్పలేదుగా!" అంది భార్య. ఆమె డ్రైవింగు స్కూల్లో టీచరు. బ్రేకు ఏదో, క్లచ్చు ఏదో తెలియనివాళ్ళ పక్కన రోజుకి ఎనిమిది గంటలు కూర్చునే మనిషి. అరుపులకి అదిరేది కాదు. పడవెక్కమంటే మాత్రం ససేమిరా అంది. "నాకు సెలవంటే ఎవరి పక్కసీట్లోనూ కూర్చోకపోవడమండీ. మీరెళ్ళండి. నేనూ అక్కా ఒడ్డున కుర్చీలేసుకుంటాం."

ఒకే పడవలో వెళ్దామన్నాడు నోటరీ. "వద్దన్నయ్యా, పడిన చేప ఎవరిదని తర్వాత పేచీ వస్తుంది," అని కళ్ళజోళ్ళాయన రెండో పడవ అడిగాడు. అతని పడవ నడిపేది ఓ యాభై ఏళ్ళావిడ. నోటరీ పడవ నడిపేది ఆవిడ భర్త. 

ఒడ్డున నిలబడినప్పుడు సముద్రం ఎదురుగా మాత్రమే ఉంటుంది. పడవెక్కాక అన్ని పక్కలా ఉంటుంది, ముఖ్యంగా కడుపులో. ఈ విషయం పుస్తకంలో లేదు. ఏడింటికల్లా కళ్ళజోళ్ళాయన తిన్నదంతా నీళ్ళలోకి వదిలేసి, పడవ అంచుకి తడిబట్టలా వేలాడాడు.

"పర్లేదు సారూ," అంది పడవావిడ, టీ పోసుకుంటూ. "ఆ వాసనకి చేపలొస్తాయి."

అరవై గజాల అవతల లంగరేసిన రెండో పడవలో నోటరీ నిటారుగా కూర్చుని ఉన్నాడు. అది చూశాక కళ్ళజోళ్ళాయనకి పౌరుషం వచ్చింది. లేచి, మూతి తుడుచుకుని, గాలం విసిరాడు. పది నిమిషాలయ్యేసరికి కర్ర విల్లులా వంగింది.

"పడింది!" అని అరిచాడు.

సరిగ్గా అప్పుడే అవతలి పడవలో నోటరీ లేచి నిలబడ్డాడు. ఆయన కర్ర కూడా వంగింది. "పడింది!" అన్న కేక అటు నుంచీ వినిపించింది.

కళ్ళజోళ్ళాయనకి గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఇద్దరికీ ఒకేసారి పడితే ముందు పైకి తీసినవాడిదే ఫొటో. బలంకొద్దీ గాలం చక్రం తిప్పాడు. అతను నాలుగు చుట్లు చుట్టేసరికి అవతల నోటరీ ముందుకి తూలాడు. నోటరీ తమాయించుకుని నాలుగు చుట్లు చుడితే, ఇతని దారం సర్రున జారిపోయింది.

"అబ్బ! ఏం బలం, ఏం బలం!" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"సారూ, అది చేప కొట్టుకున్నట్టు లేదండీ," అంది పడవావిడ.

"పెద్ద చేప కొట్టుకోదు. పుస్తకంలో ఉంది."

ఆవిడ మొగుడి పడవకేసి చూసింది. మొగుడు ఆవిడకేసి చూశాడు. ముప్పై ఏళ్ళు కలిసి సముద్రం మీద తిరిగినవాళ్ళకి అంతకన్నా మాటలక్కర్లేదు. ఆవిడ ఇంకో గ్లాసు టీ పోసుకుంది.

ఒడ్డున కుర్చీల్లో కూర్చున్న అక్కాచెల్లెళ్ళకి రెండు పడవలూ పక్కనుంచి స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒకాయన వెనక్కి వాలితే రెండో ఆయన ముందుకి వంగుతున్నాడు. ఆయన వెనక్కి వాలితే ఈయన వంగుతున్నాడు. దుంగని కోసే రంపానికి చెరో పక్కా నిలబడ్డట్టుంది.

"అక్కా," అంది చెల్లెలు కాసేపటికి. "వీళ్ళిద్దరూ..."

"ఊఁ. నేనూ అదే చూస్తున్నా."

"చెప్పి పంపిద్దామా?"

"ఉండవే. పెళ్ళయ్యాక ఇంత ప్రశాంతమైన పొద్దు నేను చూళ్ళేదు."

ఇది ఇక్కడితో ఆగేదే. కానీ పడవకొక వైర్‌లెస్ సెట్టు ఇచ్చి తప్పుచేశాడు మేనేజరు. "పెద్దది పడింది! చాలా పెద్దది!" అన్నాడు కళ్ళజోళ్ళాయన అందులో. రెండు నిమిషాలకి అదే సెట్టులో నోటరీ, "నాది ఇంకా పెద్దది!" అన్నాడు. రిసార్టు తెరిచాక జంటగా చేపలు పడటం ఇదే మొదలు. మేనేజరు పరుగున వెళ్ళి భోజనాల గంట కొట్టాడు. టిఫిన్లు వదిలేసి జనం జెట్టీ మీదికి వచ్చారు. తూకానికి కాటా వేలాడదీశారు. వంటాయన తన కత్తుల్లోకెల్లా పొడుగుది తెచ్చి, ఎవరూ అడక్కుండానే నూరడం మొదలుపెట్టాడు.

గుంపులో రిటైరైన సైన్సు మాస్టారొకాయన ఉన్నాడు. బైనాక్యులర్స్‌లోంచి చాలాసేపు చూసి, "గమనించారా? ఒకటి లాగితే రెండోది వదులవుతోంది. రెండోది లాగితే మొదటిది వదులవుతోంది. అవి రెండూ విడివిడి చేపలు కావండీ," అన్నాడు.

దగ్గర్లో ఉన్న చెల్లెలు ఊపిరి బిగబట్టింది.

"దంపతులు!" అన్నాడు మాస్టారు. "ఒకదాన్ని విడిచి ఒకటి బతకదు."

ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ‘అయ్యో’ అన్నారు. మేనేజరు వెంటనే సెట్టు అందుకున్నాడు. "సార్, మీకు పడినవి మొగుడూపెళ్ళాలట! ఒకటి తప్పించుకుంటే రెండోదీ పోతుందట. పడవలు దగ్గరికి తెచ్చుకుని, ఇద్దరూ ఒకేసారి లాగండి!"

లంగర్లు లేచాయి. పడవలు రెండూ ఒకదాని వైపు ఒకటి జరిగాయి. ఇటు కళ్ళజోళ్ళాయన, అటు నోటరీ చక్రాలు తిప్పుతూనే ఉన్నారు. పడవల మధ్య ముప్పై గజాలు, పది గజాలు, రెండు గజాలు. ఆఖరికి ముక్కు ముక్కుకి తగిలేంత దగ్గరలో, నీళ్ళలోంచి రెండు గాలాలు పైకొచ్చాయి. ఒకదాన్నొకటి గట్టిగా కరుచుకుని, చెరో ఎరతో, చుక్కలు కారుస్తూ ఇద్దరి మధ్యా ఊగాయి.

పడవావిడ టీ గ్లాసు కింద పెట్టింది.

"అన్నయ్యా," అన్నాడు కళ్ళజోళ్ళాయన, "గంటన్నర నుంచి నేను లాగుతోంది మిమ్మల్నా?"

"నిన్నేమో నేను..." నోటరీ జెట్టీ వైపు చూసి మాట మింగేశాడు. అక్కడ యాభై మంది చేతులూపుతున్నారు. కాటా ఎండలో మెరుస్తోంది. "ఇప్పుడు వట్టి చేతుల్తో ఎలా వెళ్తాం తమ్ముడూ?"

"మీకేంటి, ఇంట్లో ఫొటో ఉంది. పరువు నాకు పోతుంది."

నోటరీ ఎనిమిది జేబుల్లో దేనికోసమో వెతికి, ఏమీ దొరక్క, చేతులు జారవిడిచాడు. "ఆ చేప పట్టింది మీ వదిన. నేను ఆ రోజంతా నీలాగే పడవ అంచుకి వేలాడాను. ఫొటోకి మాత్రం లేచి నిలబడ్డాను."

ఆరేళ్ళుగా కళ్ళజోళ్ళాయన ఎదురుచూసిన మాట అది. తీరా విన్నాక, ఎగిరి గంతెయ్యాలనిపించకపోగా పాపమనిపించింది. ఎదురుగా కూర్చున్న మనిషి కూడా పాలిపోయి, తడిసి, తనలాగే ఉన్నాడు. "పోన్లెండి. మీరు బాగా లాగారు," అన్నాడు.

"నువ్వూ తక్కువ తిన్లేదు. భుజం పడిపోయింది," అంటూ నోటరీ సర్దుకుని కూర్చున్నాడు. వాంగ్మూలం తయారుచెయ్యాల్సి వచ్చేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "విను. రెండు చేపలు కాదు, ఒక్కటే. నీ గాలమూ నా గాలమూ రెండూ అదే మింగింది. అందుకే ఇద్దరికీ ఒకేసారి తగిలింది. పైకి తేల్చాం. ఒక్క గుంజు గుంజి, దారాలు తెంచుకుపోయింది."

"ఎంత ఉందందాం? పడవంత?"

"పడవంత అంటే నమ్మరు. పడవకి ఒక జానెడు తక్కువ."

దారాలు కోసేసి, గాలాలు రెండూ కళ్ళజోళ్ళాయన తన జేబులో దాచాడు. ఇక సాక్షుల సంగతి మిగిలింది. ఇద్దరూ పడవావిడ వైపు బతిమాలుతున్నట్టు చూశారు. "నాదేముంది సారూ, మా ఆయన ఎలా చెప్తే అలాగే," అంది ఆవిడ. ఆ మాట ఆవిడ నోట మొదటిసారి విన్న మొగుడు, తెడ్డు వదిలేసినంత పని చేశాడు.

జెట్టీ మీద కథ బ్రహ్మాండంగా పేలింది. జానెడు తక్కువన్న చోట అందరూ నోళ్ళు తెరిచారు. వంటాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సైన్సు మాస్టారు తన దంపతుల సిద్ధాంతం వెనక్కి తీసుకుని, ఒంటరి చేపలకే అంత బలముంటుందని వివరించాడు.

"మేమూ చూశాం మరిదిగారూ," అంది అక్క. "అక్కణ్ణించి భలే కనిపించింది."

ఇద్దరు మగాళ్ళకీ చెమటలు పట్టాయి. "ఏం... ఏం కనిపించింది వదినా?"

"మీ కష్టం," అంది ఆవిడ. ఆ తర్వాత చెల్లెలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గదివైపు గబగబా నడిచింది.

ఆ సాయంత్రమే మేనేజరు నీళ్ళ ట్యాంకెక్కి, ఫోనులో ఛార్జి అయిపోయేదాకా దిగలేదు. మర్నాడు పొద్దున్నకల్లా రిసార్టు ముందు కార్లు బారులు తీరాయి. గదులు చాలక భోజనాల హాల్లో పరుపులేశారు. పడవలు రెండూ మూడు రోజులదాకా ఖాళీ లేవు. కళ్ళజోళ్ళాయనా నోటరీ జెట్టీ మీద పక్కపక్కన కుర్చీల్లో కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా చేప ఎక్కడ మునిగిందో చూపిస్తూ, పెళ్ళివారిలా మర్యాదలందుకున్నారు. ఇరవై ఏళ్ళలో వాళ్ళు అంతసేపు పోట్లాడుకోకుండా కూర్చోవడం అదే మొదలు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఒక పడవ తిరిగొచ్చింది. అందులోంచి పరుపుల వ్యాపారి ఒకాయన, టోపీ ఊపుకుంటూ, వట్టి చేతుల్తో దూకాడు.

"పడిందండీ! అదే చేప! నలభై నిమిషాలు లాగాను. మూతి ఇంతెత్తు పైకి లేపింది. ఎడమ దవడకి పక్కపక్కనే రెండు గాలాలు, తెగిన దారాలు వేలాడుతున్నాయి! ఈ రెండు కళ్ళతో చూశాను! ఆ గాలాలు మీవే సార్!"

జనమంతా కుర్చీల వైపు తిరిగారు. కళ్ళజోళ్ళాయన చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. గాలాలు రెండూ అక్కడే, తొడకి గుచ్చుకుంటున్నాయి.

"ఎంత ఉంది?" అని అడిగాడు మేనేజరు.

"పడవకన్నా జానెడు ఎక్కువ!" అన్నాడు పరుపుల వ్యాపారి. "ఏమంటారు నోటరీగారూ? అంతేగా?"

నోటరీ ముఖం కందగడ్డలా అయింది. కాదంటే తమ చేప పోతుంది. అవునంటే ఇతగాడిది తమకన్నా రెండు జానలు పెద్దదవుతుంది. చాలాసేపు గొంతు సవరించుకుని, జీవితంలో ఏ కాగితం మీదా కొట్టనంత బాధగా, "నిజమే," అని ముద్ర కొట్టాడు.

చప్పట్లు మోగాయి. జనం పరుపుల వ్యాపారిని భుజాల మీదికెత్తుకుని భోజనాల హాల్లోకి తీసుకెళ్ళారు. జెట్టీ మీద రెండు కుర్చీలు మిగిలాయి.

"చూశారా అన్నయ్యా, కళ్ళలో కళ్ళు పెట్టి ఎంత పచ్చి అబద్ధం ఆడేశాడో!" అన్నాడు కళ్ళజోళ్ళాయన, కోపంగా.

"సిగ్గూ శరం లేని మనిషి. ఇలాంటివాళ్ళని గడప తొక్కనివ్వకూడదు తమ్ముడూ," అన్నాడు నోటరీ.

అబద్ధాలాడేవాళ్ళంటే తోడల్లుళ్ళిద్దరికీ మొదట్నించీ గిట్టదు.