మైకుగారి గొంతునొప్పి

ఆ రోజు పొద్దున్న ఎమ్మెల్యేగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తొమ్మిదింటికల్లా పార్టీ అధ్యక్షుడి ఇంటికి వెళ్ళి, ఈసారి కూడా టికెట్ తనకే ఇమ్మని అడిగి రావడం. అడగాల్సింది ఒక్క ముక్కే అయినా, దానికి ముందూ వెనకా చేర్చాల్సిన ఉపన్యాసం వారం రోజులుగా స్నానాలగదిలో తయారవుతోంది. నిన్నటికది ముప్పావుగంటకు చేరింది. ఇంకాస్త సాగదీయవచ్చని ఆయనకు ఆశగా ఉంది.

అభ్యర్థుల జాబితా మరో మూడు రోజుల్లో రాబోతోంది. టికెట్ చేజారితే ఏం చేయాలో ఆయనకు బొత్తిగా తెలియదు. ఇరవై ఏళ్ళుగా ఆయన చేసిన పని మాట్లాడటమే. జనం ఎదురుగా ఎమ్మెల్యేగారనీ, ఆయన అటు తిరగ్గానే మైకుగారనీ పిలుస్తారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతుంటాడు కూడా.

మురిసిపోడా మరి. ఆయన రాజకీయ చరిత్ర అంతా ఆ గొంతు చరిత్రే. మొదటి ఎన్నికలో ఏ పార్టీ దగ్గరికి రానివ్వకపోతే స్వతంత్రుడిగా నిలబడ్డాడు. బజారు సభలో కరెంటు పోయి మిగతా అభ్యర్థులందరూ దిగిపోతే, ఈయన బల్లెక్కి రెండు గంటలు వట్టి గొంతుతో దంచేశాడు. గెలిచాడు. రెండోసారి పార్టీవాళ్ళే ఇంటికొచ్చి టికెట్ ఇచ్చారు, మళ్ళీ గెలిచాడు. మూడోసారి ఓడిపోయాడు. ఆ ఓటమికి కారణం కూడా గొంతే. ప్రచారం చివర్లో ఓ సభలో ఎంతకీ ఆపకపోవడంతో జనానికి ఆఖరి బస్సు తప్పిపోయింది. వాళ్ళంతా కాళ్ళీడ్చుకుంటూ ఇళ్ళకు చేరి, పోలింగు రోజున కసితీరా ఓటేశారు. నాలుగోసారి బస్సుల వేళలు కనుక్కుని మాట్లాడాడు, గెలిచాడు.

అలాంటి మనిషి అద్దం ముందు నిలబడి "అన్నా" అనబోతే, తుప్పు పట్టిన తలుపు తీసినట్టు కిర్రుమని ఓ చప్పుడు వచ్చింది. మళ్ళీ ప్రయత్నిస్తే ఆ చప్పుడు కూడా రాలేదు.

తప్పంతా నిన్నటి కుళాయిది. వీధి కుళాయి ప్రారంభానికి వెళ్ళి ఎమ్మెల్యేగారు ఘనంగా పిడి తిప్పితే నీళ్ళు రాలేదు. అవి వచ్చేదాకా జనాన్ని కదలనివ్వకూడదని ఎండలో నిలబడి మాట్లాడుతూనే ఉన్నాడు. నీళ్ళు సాయంత్రానికి వచ్చాయి. గొంతు అప్పుడే పోయినట్టుంది, ఆ హడావిడిలో గమనించలేదు.

ఆయన భార్య పక్క వీధిలో ఉన్న అక్కను పిలిపించింది. ఆవిడ గొంతుకు వైద్యం చేసే డాక్టరు. టార్చి వేసి చూసి పెదవి విరిచింది.

"స్వరపేటిక బాగా వాచింది మరిదిగారూ. మూడు రోజులు ఒక్క మాట కూడా మాట్లాడ్డానికి వీల్లేదు. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెరుపు. నా మాట వినకపోతే ఈ గొంతు మళ్ళీ రాదు."

"మూడు రోజులు సరిపోతాయా అక్కా?" అంది భార్య. "ఎందుకైనా మంచిది, వారం చెప్పకూడదూ?"

మైకుగారు భార్య వంక ఉరిమి చూశాడు. చూడటానికి డాక్టరు అభ్యంతరం చెప్పలేదు.

సరే, ఇంతవరకు ఇంట్లో గొడవ. అసలు కథ పీఏ చేసిన ఫోనుతో మొదలైంది. పీఏ పాపం నిజమే చెప్పాడు. "సార్‌కి గొంతు నొప్పండీ. ఇవాళ అధ్యక్షులవారి దగ్గరికి రాలేరు."

అవతల అధ్యక్షుడి కార్యదర్శి "మళ్ళీనా?" అని ఫోను పెట్టేశాడు.

ఆ మళ్ళీ ఏమిటో చెప్పాలి. రెండేళ్ళ క్రితం మైకుగారు పార్టీ మారాడు. మారే ముందు పాత పార్టీవాళ్ళు ఎన్నిసార్లు ఫోను చేసినా గొంతు నొప్పి, మాట్లాడలేరని ఇదే పీఏ చేత చెప్పించాడు. వాళ్ళు నిజమని నమ్మి ఎదురుచూస్తుంటే, ఈయన కొత్త కండువా కప్పుకుని ఈ పార్టీ వేదిక మీద గంటన్నర ఖంగుమని మాట్లాడాడు. అప్పటినుంచి రాజకీయాల్లో ఎవరికైనా గొంతు నొప్పి వచ్చిందంటే మందుల గురించి అడగడం మానేశారు.

మధ్యాహ్నానికల్లా టీవీవాళ్ళు గేటు ముందు దిగారు. నోరు మెదపని మనిషి గురించి నలుగురు పెద్దమనుషులు స్టూడియోలో కూర్చుని ఆపకుండా మాట్లాడుతున్నారు. మైకుగారు అదంతా చూస్తూ, ఒక్క జవాబు చెప్పలేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"పోనీ ఓ కాగితం మీద రాసివ్వండి సార్, నేను చదివేస్తాను" అన్నాడు పీఏ.

ఆయన అడ్డంగా తల ఊపాడు. ఎవరికీ ఏదీ రాసివ్వకూడదన్నది ఆయన నియమం. వెనకటికోసారి రోడ్డు వేయిస్తానని రాసిచ్చిన పాపానికి, ఆ వీధివాళ్ళు దాన్ని ఫ్రేము కట్టించి టీకొట్లో తగిలించారు. ఇప్పటికీ ఆయన అటు వెళితే దాని కింద కుర్చీ వేస్తారు.

"అయితే ఓసారి బయటికొచ్చి నవ్వండి సార్. అంతా మామూలే అనుకుంటారు."

ఇదేదో బాగానే ఉందనిపించి మైకుగారు మేడ మీదికి వెళ్ళి, చేతులు జోడించి నవ్వాడు. ఐదు నిమిషాల్లో టీవీలో 'ఈ నవ్వు వెనక ఎవరున్నారు' అని వచ్చింది. నవ్వు వెనక పీఏ ఉన్నాడని వాళ్ళకేం తెలుసు.

మర్నాడు పొద్దున్నే ప్రతిపక్షం నాయకుడొకాయన తేనె సీసా పట్టుకుని దిగాడు. ఈయన బతికున్నాడో లేదో కూడా ఎన్నడూ అడగని మనిషి అకస్మాత్తుగా గొంతు గురించి కంగారుపడ్డాడు. "మా పార్టీలోకొస్తే మీ గొంతు మేం చూసుకుంటాం" అన్నాడు. వద్దు బాబోయ్ అన్నట్టు మైకుగారు తల ఊపాడు, చేతులూపాడు, సీసా తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. బయటికెళ్ళిన నాయకుణ్ణి టీవీవాళ్ళు చుట్టుముట్టారు.

"తల ఊపారు" అన్నాడాయన గంభీరంగా. "నిలువుగానా, అడ్డంగానా అన్నది ఇప్పుడే చెప్పలేను."

దాంతో కొంప మునిగింది. సాయంత్రానికి పార్టీ అధ్యక్షుడే స్వయంగా వచ్చేశాడు. ఆయన వచ్చేసరికి హాల్లో పనుల మీద వచ్చిన జనం ఉన్నారు. వాళ్ళతో ఈ రెండు రోజులుగా భార్యే మాట్లాడుతోంది. అయ్యేదాన్ని అవుతుందనీ, కానిదాన్ని కాదనీ చెప్పి, వెంటనే సంబంధించినవాళ్ళకు ఫోను చేసేది. వరస చకచకా కదిలిపోయేది. అధ్యక్షుడు గుమ్మంలో నిలబడి అది కాసేపు చూశాడు.

తర్వాత లోపలి గదిలో సోఫా అంచున కూర్చుని, "ఏమయ్యా, ఏం కావాలి నీకు? నాతో చెప్పు" అన్నాడు.

మైకుగారు గొంతు పట్టుకుని చూపించాడు.

"ఆ నాటకం నా దగ్గర వద్దు. రెండేళ్ళ క్రితం ఆ గొంతునొప్పి ఉపాయం నీకు చెప్పిందెవరు? నేనే కదా."

"నిజంగానే నొప్పి అన్నయ్యగారూ" అంది భార్య. "మా అక్క టార్చి వేసి చూసింది."

"మీ అక్కే కదమ్మా చూసింది" అన్నాడు అధ్యక్షుడు నీరసంగా.

మైకుగారికి ఏడుపొక్కటే తక్కువ. ఇరవై ఏళ్ళ నియమాన్ని గట్టున పెట్టి, పీఏ జేబులోంచి కలం లాగాడు. అధ్యక్షుడు ఒక్క ఉదుటున లేచి ఆ కలం గుంజుకున్నాడు.

"రాజీనామా మాత్రం రాయకు. నీకు దణ్ణం పెడతాను."

ఇక మైకుగారికి దారి తోచలేదు. ఇంట్లో నిజం చెప్పగల నోరు ఒక్కటే ఉంది. ఆవిడనే సరిగ్గా అడగండి మహాప్రభో అన్నట్టు భార్య వైపు వేలు చూపించాడు. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు చూపించాడు.

అధ్యక్షుడు ఆ వేలు వంకా, ఆవిడ వంకా మార్చి మార్చి చూశాడు. "ఆవిడా?"

మైకుగారు తల ఊపాడు. ఈసారి నిలువుగానే, ఎవరికీ అనుమానం లేకుండా ఊపాడు.

"ఖాయంగా?"

మళ్ళీ ఊపాడు.

"నువ్వేమంటావమ్మా?" అన్నాడు అధ్యక్షుడు అటు తిరిగి. హమ్మయ్య, ఇప్పటికి అడిగాడు అనుకున్నాడు మైకుగారు. చెప్పు, చెప్పు అని భార్యకు చేత్తో సైగ చేశాడు.

ఆవిడ భర్త ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఆయనకి ఇష్టమైతే నాకేం అభ్యంతరం లేదన్నయ్యగారూ" అంది మెల్లగా.

గొంతు నొప్పని చెప్పడానికి అభ్యంతరమేమిటో మైకుగారికి అర్థం కాలేదు. కానీ అధ్యక్షుడు ముఖం వికసించి లేచి నిలబడ్డాడు. "ఈ మాత్రం దానికి ఇంత రాద్ధాంతమా? నిశ్చింతగా పడుకోవయ్యా" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. మైకుగారికి ప్రాణం లేచొచ్చింది. ఆ పూట భార్య వేడి పాలు తెచ్చి పక్కనే కూర్చుని, ఆయన తాగేదాకా కదల్లేదు. ఎందుకింత ఆదరమో అడుగుదామంటే మాట్లాడకూడదు.

మూడో రోజు జాబితా వచ్చింది. అందరూ టీవీ ముందు చేరారు. ఆ నియోజకవర్గం వంతు రాగానే, ప్రస్తుత ఎమ్మెల్యేను పక్కనపెట్టి ఆయన సతీమణికి టికెట్ ఇచ్చారని చదివింది టీవీ అమ్మాయి. మైకుగారు లేచి, ఎవరి ముఖమూ చూడకుండా స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. అధ్యక్షుడికి ఫోను కలిపాడు.

"అన్నా, ఇదేమిటన్నా?"

మాట వచ్చింది. కాస్త జీరగా ఉన్నా స్పష్టంగా వచ్చింది. అవతల అధ్యక్షుడు పగలబడి నవ్వాడు.

"చూశావా, గొంతు ఖంగుమంటోంది. నొప్పి అబద్ధమని నాకు ముందే తెలుసు."

"అది కాదన్నా. టికెట్ నాక్కావాలి."

"నీకే ఇద్దామనుకున్నానయ్యా. మొన్న పొద్దున్న నువ్వొస్తే ఆ మాటే చెబుదామని టిఫిన్ కూడా చేయకుండా కూర్చున్నా. నువ్వే కదా రాకుండా, నవ్వి, తేనె తెచ్చినవాడికి తల ఊపి, చివరికి మీ ఆవిణ్ణి చూపించావు. నాకూ అదే మంచిదనిపించింది. భార్య ఇక్కడుంటే నువ్వు ఏ పార్టీకీ పోలేవు."

"ఆవిడ పేరు తీసి నా పేరు పెట్టన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"సాయంత్రం దాకా వీలుంది, మారుస్తాను. కానీ ఆవిడకి నువ్వే చెప్పుకో" అని అధ్యక్షుడు పెట్టేశాడు.

చెప్పేద్దామనే మైకుగారు గడియ తీశాడు. ఇరవై ఏళ్ళు వేలమందికి సర్దిచెప్పిన తనకు ఒక్క మనిషికి చెప్పడం ఎంత పని అనుకున్నాడు. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా చూసుకున్నాడు. ఎదురుగా భార్య నిలబడి ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నా" అంది ఆవిడ. "ఏ సభలోనూ నా ఊసెత్తలేదు మీరు. కుళాయి గురించి పూటంతా మాట్లాడారు గానీ నా గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అలాంటిది నిన్న గొంతు కూడా లేనప్పుడు, మీ సీటుకి నన్ను చూపించారు. నేను మిమ్మల్ని తప్పుగా అనుకున్నానండీ ఇన్నాళ్ళూ."

మైకుగారు నోరు తెరిచాడు. గొంతు సిద్ధంగా ఉంది, మాటలూ సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ అలా చూస్తూనే ఉంది. ఆయనకు సిగ్గేసింది. ఇలా సిగ్గుపడటం ఆయనకు కొత్త, ఎక్కడ చూడాలో తెలియక నేల వంక చూశాడు. తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు.

"మాట వస్తోందా మరిదిగారూ?" అని హాల్లోంచి అడిగింది డాక్టరు వదిన.

మైకుగారు గొంతు పట్టుకుని, రావడం లేదన్నట్టు అడ్డంగా తల ఊపాడు.

ఆ గొంతునొప్పి పోలింగు అయ్యేదాకా తగ్గలేదు, ఆ ఇంటికి అంత మెజారిటీ అంతకుముందెన్నడూ రాలేదు.