అద్దం చుట్టూ తెల్ల లైట్లు

ఆ రోజు పొద్దున సెలూను నడిపే కత్తెరాయన అనుకున్నది చాలా చిన్న సంగతి. బిల్డింగు ఓనరు క్రాపుకి వస్తాడు, ఆయన తల ముచ్చటగా దిద్దాలి, సెలూను గది ఇంకో మూడేళ్ళు తనకే ఉండాలి. పని నచ్చకపోతే మొబైల్ షాపువాడికి ఇచ్చేస్తానని ఓనరు ముఖానే చెప్పేశాడు. కానీ బావమరిది ఊరుకుంటాడా? అడక్కుండానే అద్దం చుట్టూ కళ్ళు జిగేల్మనే తెల్ల లైట్లు బిగించి, "షాపు చూసే ఓనరు పడిపోవాలి బావా!" అంటూ చక్కాపోయాడు.

మొదట కుర్చీ ఎక్కింది డ్రాయింగు మాస్టారు. ఏళ్ళ తరబడి అదే కుర్చీ, అదే క్రాపు. పని అయ్యాక ఆ తెల్ల వెలుగులో అద్దం చూసుకుని కెవ్వుమన్నాడు.

"నడినెత్తిన ఇంత బట్టతల చేశావేంటయ్యా?"

"నేను చెయ్యడమేంటండీ? అది ఎప్పట్నుంచో ఉన్నదే!"

"నిన్నటిదాకా లేదే!"

బెంచీ మీద పేపరు చదువుకుంటున్న పోస్టుమాను లేచొచ్చి, "అవునండోయ్, పక్కన కూడా ఎగుడుదిగుడుగా ఉంది" అన్నాడు. తన తల తడుముకుని, "పోయినసారి నాకూ ఇలాగే తగలేశాడు" అని అందుకున్నాడు. ఆ పక్కనున్న లాయరు ఇంకా కుర్చీ ఎక్కనేలేదు, అయినా తనకీ అన్యాయం జరిగిందన్నాడు.

కత్తెరాయనకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ "నీ చెయ్యి బంగారం" అన్న నోళ్ళే ఇవి! సరిగ్గా అప్పుడే ఓనరు లోపలికొచ్చాడు.

"ఏంటీ గోల? పని పాడు చేశావా?"

"పనీ లేదు, నా తలకాయా లేదు! చూసింది చాలు, ఇంక ఎవ్వరూ చూడక్కర్లేదు!" అని అరిచి కత్తెరాయన తెల్ల లైట్లన్నీ టపటపా ఆర్పేశాడు. మూలనున్న పాత గుడ్డి బల్బొక్కటే మిగిలింది.

ఓనరుని కూర్చోబెట్టి గుడ్డ కప్పాడు గానీ, కోపంలో కత్తెర ఎటు పడితే అటు పోతోంది. జుట్టుకి బదులు చెవి తెగేలా ఉంది. దాంతో కత్తెరని తలకి దూరంగా గాల్లోనే టకటకలాడిస్తూ, మధ్యమధ్య దువ్వెనతో దువ్వుతూ, బావమరిదిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు.

గుడ్డి వెలుతురులో ఓనరు అద్దంలోకి వంగి మురిసిపోయాడు. "పదేళ్ళు తగ్గించేశావయ్యా! పనితనమంటే ఇదీ. గది నీదే పో!"

ఓనరు మెచ్చాక ఇంకేముంది? మాస్టారు మళ్ళీ అద్దంలో చూసుకుని, "నాకూ బాగానే కుదిరింది" అన్నాడు. "నేను ముందే అన్నానా లేదా?" అన్నాడు పోస్టుమాను.

గది దక్కింది. కత్తెరాయన కోపం మాత్రం తగ్గకపోగా రెట్టింపైంది. విసురుగా గుడ్డ దులిపాడు. ఒక్క వెంట్రుకా రాలలేదు.

ఓనరు గుమ్మంలో ఆగి, వచ్చే నెల కూడా అచ్చం ఇలాగే కత్తిరించమన్నాడు.