పోయిన పెట్టెకు పొగడ్త

ఆ ఉదయం నరీన్ కొండల నడుమ ఒక ఊళ్ళో ముకంబెత్ మాస్టారు టీలో మీగడ కలుపుకుంటూ ఒక అబద్ధాన్ని కంఠతా పడుతున్నారు: "కంప్యూటరు చదువు పిల్లలకు ఎంతో మేలు." పదే పదే అనేసరికి మీగడ కూడా చేదెక్కింది. ఆయన సుద్దముక్కతో సుద్దులు చెప్పిన మనిషి. పలక పలుకుతుంది, ఈ పెట్టె పిలిచినా పలకదు, కరెంటు పోతే తెలివి పోయేదాని దగ్గర పిల్లలకు తెలివెక్కడ దొరుకుతుంది అని ఆయన వాదం. కానీ ఇవాళ తనిఖీ అధికారి వస్తున్నాడు. తెరలు వెలగకపోయినా, మాస్టారి నోట మంచిమాట వెలువడకపోయినా బడి మూసేస్తారు. పిల్లలు మంచులో కనుమ దాటి అవతలి ఊరికి పోవాలి.

బడి గుమ్మంలోనే హెడ్మిస్ట్రెస్ జిపార్ ఎదురొచ్చింది.

"మాస్టారూ, కొంప మునిగింది! ఊరంతా కరెంటు పొయ్యిలు పెట్టారు. కరెంటు చాలక పెట్టెలు కళ్ళు తెరవడం లేదు. పోయి పొయ్యిలు ఆర్పించండి!"

"ఇంటింటికీ తిరగనా తల్లీ?"

"బురుల్ అవ్వ చెవిన వేస్తే చాలు. రేడియోకంటే నయం."

మాస్టారు పీనుగ మొహం వేసుకుని అవ్వ గోడ దగ్గరికెళ్ళారు. "అవ్వా, పొయ్యి ఆర్పెయ్. ఊళ్ళో అందర్నీ ఆర్పమను. బడి దగ్గర... నన్నేం అడక్కు!" ఇంతలో జీపు హారన్ వినబడి వెనక్కి పరిగెత్తారు.

అవ్వ గుండె జారింది. చావు జరిగిన ఇంట పొయ్యి వెలగకూడదు, ఇరుగుపొరుగే వండి తేవాలి. ఒక ఇంటి పొయ్యి ఆరితే ఒక ఇంటి శోకం. ఊరి పొయ్యిలన్నీ ఆర్పమన్నారంటే పోయింది ఎంత పెద్ద ప్రాణమో!

"ఎవరవ్వా పోయింది?" అన్నాడు పక్కింటి సగిన్.

"ముందు ఏడవరా! పేరు దార్లో తెలుస్తుంది."

బడిలో అధికారి కుర్చీలో కూర్చోగానే ఊరి పొయ్యిలన్నీ ఆరాయి. మిగిలిన కరెంటంతా వరదలా బడి మీద పడింది. తెరలన్నీ ధగధగా వెలిగాయి. "భేష్!" అన్నాడు అధికారి. ఆ "ష్" ఇంకా నోట్లో ఉండగానే పెట్టెలు వరసగా టప్పుటప్పుమన్నాయి. తెరలన్నిటికీ తెర పడింది. ఆ పొగలో మాస్టారికి కనుమ ఎక్కుతున్న పిల్లలు కనబడ్డారు.

సరిగ్గా అప్పుడే వీధి గొల్లుమంది. "ఓ నా తోబుట్టువా! మమ్మల్ని వదిలిపోయావా!" మగాళ్ళు కర్రల మీద వంగి రాగాలు తీస్తున్నారు. ఆడవాళ్ళ చేతుల్లో, పొయ్యి ఆర్పే ముందు దించిన వేడివేడి బూరెల గిన్నెలు.

"ఎవరు పోయారు?" అధికారి లేచి నిలబడ్డాడు.

జిపార్ పొగలు కక్కే పెట్టెల వైపు చెయ్యి చూపింది.

అధికారి పోయినవారి కోసం ప్రార్థిస్తూ అరచేతులెత్తి ముఖం తడుముకున్నాడు. గుమ్మంలోంచి సగిన్ ఆచారం ప్రకారం గొంతెత్తాడు. "పోయినవారు ఎలాంటివారు?"

"మంచివారు!" అంది ఊరు.

"మీరూ చెప్పండి మాస్టారూ. కంప్యూటరు మీద మీ అభిప్రాయం?" అన్నాడు అధికారి.

కంఠతా పట్టింది కాస్తా గాలికి పోయింది. కానీ పోయినవాళ్ళను తిట్టడం తాతల నాటి నుంచీ లేదు. "మంచిదండీ," అన్నారు మాస్టారు. "బతికినన్నాళ్ళూ ఒకరి జోలికి పోలేదు. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు."

అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. "నా సర్వీసులో కంప్యూటరు పోతే ఏడ్చిన ఊరు చూళ్ళేదు! ఈ బడి మూస్తానా? దీనికి రెట్టింపు పెట్టెలు పంపిస్తా. ఆ నల్లబల్లా, సుద్దముక్కలూ ఇవాళే తీయించేద్దాం. ఇకమీదట అన్నిటికీ మీరే పెద్దదిక్కు."

మాస్టారు నల్లబల్లను కావలించుకుని భోరుమన్నారు.

బురుల్ అవ్వ బూరెల గిన్నె దించి, ఆయన వీపు నిమురుతూ ఊరివైపు తిరిగింది. "చూశారా, అయినవాడి ఏడుపు వేరే ఉంటుంది."